పాత ఫోర్ వీల్ జీపు కొనబోయే ముందు



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, పోటీ పరీక్షల సూచనలు, మెస్ మీద జోకులు ఉండడం మామూలే. ఈసారి పాత జీపు గురించి వ్యాసమేమిటని నవ్వుకోవద్దు. పోయిన రెండేళ్లలో మన హాస్టల్ నుంచి వెళ్లినవాళ్లలో అరడజను మంది మాకు ఫోన్ చేసి ఇదే అడిగారు. ఒకరిది టెంట్ హౌస్ సామాను, ఒకరివి చేప పిల్లల డ్రమ్ములు, మరొకరిది బోరు మోటార్లు పైకి తీసే సామాను. అందరిదీ ఒకటే కష్టం. సామాను ట్రైలర్ మీద ఉంది, పని ఊరి బయట చేలల్లో ఉంది, మధ్యలో వానకాలం బురద ఉంది. చేతిలో ఉన్నది రెండు లక్షలకు అటూ ఇటూ. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన సంగతులే ఇక్కడ ఒకచోట రాస్తున్నాం.

మేమంటే ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన నలుగురం. ఒకడు ఐటీఐ చేసిన వెల్డర్, ఒకడు డీజిల్ మెకానిక్, ఒకడు ఊళ్లో వ్యవసాయం చేసేవాడు, ఒకడు పీజీ చదువుతూ లెక్కలు, కాగితాలు చూసేవాడు. చిన్న డీజిల్ జనరేటరు, వెల్డింగ్ మిషను, కట్టర్లు రెండు చక్రాల ట్రైలర్ మీద పెట్టుకుని నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్లు తిరుగుతాం. విరిగిన నాగలి, పగిలిన ట్రాలీ, ఊడిన గేటు ఎక్కడుంటే అక్కడికే వెళ్లి అతికించి వస్తాం. జీపు కోసం కూడబెట్టిన డబ్బులో ఒకరి అమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పు ఉంది, ఇంకొకరి చెల్లె పెళ్లికని వేసిన చిట్టీ ఉంది. బండి తప్పుగా కొంటే మునిగేది మేం నలుగురమే కాదు.

ఫోర్ వీల్ అందరికీ అవసరమా?

ముందుగా ఈ ప్రశ్న వేసుకోవాలి. ఫోర్ వీల్ బండి అంటే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందే బండి. దానికోసం ముందు ఒక ఇరుసు, మధ్యలో ట్రాన్స్‌ఫర్ బాక్సు, ఇంకో ప్రొపెల్లర్ షాఫ్ట్ అదనంగా ఉంటాయి. అవన్నీ అరుగుతాయి, ఆయిల్ కారుస్తాయి, డీజిల్ ఎక్కువ తాగిస్తాయి. చెల్క భూముల ఊళ్లలో, సీసీ రోడ్డు చివరిదాకా ఉన్నచోట మామూలు పికప్ సరిపోతుంది. అలాంటి తమ్ముడు ఫోర్ వీల్ కొంటే సంవత్సరంలో పది రోజుల పనికి మూడు వందల అరవై రోజులు ఖర్చు పెట్టినట్టే.

మాది నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. టైరు గాళ్లలో నిండిపోయి, టైరు మొత్తం నున్నగా లడ్డూలా తయారవుతుంది. వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. వెనక ట్రైలర్ కూడా ఉంటే చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ ఉంటే చాలు కదా అంటారు చాలామంది. నిజమే, బురదలో ట్రాక్టరును మించింది లేదు. కానీ నలభై కిలోమీటర్ల దూరం ఊరికి ట్రాక్టర్ మీద వెళ్లి, పని చేసి, మళ్లీ రావాలంటే రోజు దారిలోనే పోతుంది. పైగా దాని ధరకు మన చెయ్యి అందదు. అందుకే మాకు జీపు కావాల్సి వచ్చింది.

గుంజుడు కాదు, ఆపుడు చూడు

జీపు కొనకముందు కొన్ని నెలలు కిరాయి బండి వాడాం. అది వెనక చక్రాలు మాత్రమే తిరిగే పాత జీపు. ఇంజను బాగుండేది, మంచిగా లాగేది. ఒకరోజు నేరడిగొండ వైపు పని ముగించుకుని మహబూబ్ ఘాట్ దారిన నిర్మల్‌కు దిగుతున్నాం. తొందరలో జనరేటరును ట్రైలర్ వెనక అంచుకు ఎక్కించాం. దిగుడులో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. నడిపేవాడు భయపడి బ్రేకు గట్టిగా తొక్కాడు. వెనక ఆరువందల కిలోలు నెడుతుంటే జీపు ఆగలేదు, పక్కకు తిరిగింది. మలుపులో గోడకు రాసుకుని ఆగాం. ట్రైలర్ బోల్తా పడింది. మా వెల్డర్ మణికట్టు విరిగింది. రెండు నెలలు హోల్డరు పట్టలేకపోయాడు. ఆ రెండు నెలలూ నలుగురికీ సంపాదన లేదు.

తర్వాత నిర్మల్‌లో ఒక ముసలి మెకానిక్ దగ్గరకు వెళ్లి, మంచిగా లాగే ఫోర్ వీల్ జీపు చూపించమని అడిగాం. ఆయన మా కథంతా విని ఒకటే అన్నాడు. "తమ్మీ, గుంజుడు పెద్ద ముచ్చట గాదు. చిన్న గేరేస్తే ఏ జీపైనా గుంజుతది. ఆపుడు చూడుండ్రి." ఆ మాటతో మేం బండ్లను చూసే తీరే మారిపోయింది.

లెక్క సులభం. లాగే బండి బరువు ఎక్కువ, ట్రైలర్ బరువు తక్కువ ఉండాలి. మన దగ్గర తిరిగే చిన్న ట్రైలర్లకు సొంత బ్రేకులు ఉండవు. అంటే రెండింటినీ జీపు బ్రేకులే ఆపాలి. ఐరోపా దేశాల్లో బ్రేకులు లేని ట్రైలర్ 750 కిలోలు దాటకూడదు, అదీ లాగే బండి బరువులో సగానికి మించకూడదు. మనం కూడా ఆ సగం లెక్కనే పెట్టుకోవాలని మా అభిప్రాయం. ఏ పత్తి జిన్నింగు మిల్లు దగ్గరైనా వేబ్రిడ్జి ఉంటుంది. బండిని ఒకసారి, సామానుతో ట్రైలర్‌ను ఒకసారి తూకం వేయించాలి. మా జీపు 1,410 కిలోలు, ట్రైలర్ 640 కిలోలు వచ్చాయి. సగం లెక్క ప్రకారం 705 దాకా పోవచ్చు కాబట్టి మాకు 65 కిలోల వెసులుబాటు ఉంది. ఎవరైనా "ఇంకో రెండు యాంగిలర్ కట్టలు వేసుకోండన్నా" అంటే ఇప్పుడు ఆ లెక్కే చెప్తాం.

ఏ బండి?

మార్కెట్లో కనిపించేవి అన్నీ తిరిగి చూశాం. పాత మహీంద్రా జీపులతో మొదలుపెడదాం. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం ప్రారంభించింది. ఆ వంశంలోనిదే ఎంఎం 540. దీనికి ప్యూజో వారి 2,112 సీసీ డీజిల్ ఇంజను. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, నాలుగు వైపులా కమాన్ పట్టీలు. మండల కేంద్రంలోని ఏ షెడ్డులోనైనా విప్పి బిగించగలరు. మాలాంటి పనికి ఇదే మొదటి ఎంపిక. దాని లోపాలు కూడా చెప్పాలి. బలం తక్కువ, ఘాట్ ఎక్కేటప్పుడు లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోతాయి. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు సరిగ్గా లేకపోతే స్టార్ట్ కాదు. మన ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే.

ఇక్కడ ఒక మోసం జాగ్రత్త. జీపు ఆకారం ఉన్నదల్లా ఫోర్ వీల్ కాదు. కమాండర్, మేజర్ పేర్లతో తిరిగే వాటిలో ఎక్కువ భాగం టూ వీల్ డ్రైవులే. కిందకు వంగి చూడాలి. ముందు ఇరుసు మధ్యలో కానీ పక్కకు కానీ కుండలాంటి హౌసింగ్, దానికి వచ్చే షాఫ్ట్, లోపల గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటేనే ఫోర్ వీల్. రాడ్డు ఉండి షాఫ్ట్ లేని బండి కూడా మాకు ఒకటి కనిపించింది. ఎప్పుడో పాడైతే తీసి అమ్ముకున్నారట!

కొందరు పాత జీపుకు 2,523 సీసీ డీఐ ఇంజను మార్పించుకుంటారు. లాగడానికి ఆ ఇంజను మంచిదే. కింది స్పీడులో పట్టు ఎక్కువ. కానీ ఇంజను మార్పు ఆర్సీలో ఎక్కించి ఉండాలి. లేకపోతే ఫిట్‌నెస్ రోజున ఇంజను నంబరు కలవక బండి అక్కడే నిలబడుతుంది.

మారుతి జిప్సీ అంటే మన తమ్ముళ్లకు మోజు ఎక్కువ. 1985లో వచ్చింది, 1996 నుంచి 1,298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ అయింది. సైన్యం వాడినవి వేలంలో అమ్ముతుంటారు. ఒంటరిగా బురదలో వదిలితే మేకపిల్లలా దూకుతుంది. మరి ట్రైలర్ కట్టడానికి ఎందుకు వద్దంటున్నాం? దాని బరువు వెయ్యి కిలోల చుట్టుపక్కలే. బురదలో దానికి ఆ తేలికే బలం. వెనక 640 కిలోలు కడితే ఆ తేలికే ప్రాణం మీదికి తెస్తుంది. పైగా పెట్రోలు బండి. సైన్యం నుంచి వచ్చిన బండికైతే వేలం కాగితాలు ఉండి, మన ఆర్టీఏలో పౌర నంబరు పడితేనే రోడ్డు ఎక్కాలి. "నంబరు తర్వాత చేయిద్దాంలే" అన్న బండిని ముట్టుకోవద్దు.

బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ రకం ఉంది. పొడుగు బండి కాబట్టి ట్రైలర్ ఊపుడుకు జీపు కంటే నిలకడగా నిలుస్తుంది. వెనక తొట్టిలోనే కొంత సామాను వేసుకోవచ్చు. మాకు డబ్బు ఉంటే ఇదే కొనేవాళ్లం. 2010లో వచ్చిన థార్ కూడా మంచిదే గానీ, కుర్రాళ్ల ఫ్యాషన్ వల్ల దాని ధర చేసే పనికి మించి పెరిగింది. స్కార్పియో ఫోర్ వీల్ లో రాడ్డు బదులు స్విచ్చు ఉంటుంది. స్విచ్చు నొక్కితే మోటారు గేరు మారుస్తుంది. కొత్తలో సుఖం. పదిహేనేళ్ల బండిలో వైరు తెగి పొలం మధ్యలో స్విచ్చు పని చేయకపోతే మన షెడ్డు మెకానిక్ ఏమీ చేయలేడు.

మొదటి జీపు పోగొట్టిన పదివేలు

మేం మొదట చూసిన జీపు అద్దంలా ఉంది. ఎర్ర రంగు, కొత్త సీట్లు, వెడల్పు టైర్లు. ఒక మధ్యవర్తి చూపించాడు. వేరేవాళ్లు కూడా అడుగుతున్నారని తొందరపెడితే అక్కడికక్కడే 15,000 అడ్వాన్సు ఇచ్చేశాం. రెండు రోజుల తర్వాత మా వెల్డర్, కట్టు విప్పిన చేతితోనే, టార్చి పట్టుకుని కిందకు దూరాడు. వెనక కమాన్ పట్టీ బిగించే చోట చాసిస్ మీద నల్ల రంగు మిగతా చోట్ల కంటే మందంగా ఉంది. ఆకురాయితో గీకితే లోపల అతుకు ప్లేటు బయటపడింది. ఆ ప్లేటు కింద చాసిస్ రెండు ముక్కలు. "ఈ వెల్డింగ్ మనం వేస్తే మన సార్ చెంప పగలగొట్టేవాడు" అన్నాడు వాడు. తర్వాత చాసిస్ నంబరు చూస్తే అంకెలు ఒకే వరుసలో లేవు, చుట్టూ ఇనుము నున్నగా అరగదీసి ఉంది. అది దొంగ బండో, రెండు బండ్లు కలిపి చేసిన బండో దేవుడికే తెలియాలి. అడ్వాన్సు కోసం నాలుగుసార్లు తిరిగితే 5,000 వెనక్కు వచ్చింది. మిగతా పదివేలు పోయాయి.

కాబట్టి మా వరుస ఇది. ముందు చాసిస్, తర్వాత కాగితాలు, తర్వాత బ్రేకులు, ఫోర్ వీల్, ఆ తర్వాతే ఇంజను. చాలామంది ఇంజను చప్పుడుతో మొదలుపెడతారు. ఇంజను పాడైతే బోరు చేయించుకోవచ్చు, పాత ఇంజను ఇంకొకటి దొరుకుతుంది. చాసిస్ విరిగితే ఆ జీపు పాత ఇనుము లెక్కే.

చాసిస్ చూసేటప్పుడు చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట చప్పగా పలుకుతుంది. కమాన్ పట్టీల కొక్కేల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట, వెనక అడ్డపట్టీ దగ్గర పగుళ్లు వస్తాయి. ట్రైలర్ కొక్కెం ఉండేది ఆ వెనక అడ్డపట్టీ మీదే. ఇసుక, నీళ్ల ట్యాంకర్లు లాగిన జీపుకు అక్కడ బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంటాయి. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి. ఇంటికి తెచ్చుకుని ఆర్సీతో తీరిగ్గా పోల్చుకోవచ్చు.

ఫోర్ వీల్ పని చేస్తుందో లేదో తెలుసుకోవడం

దీన్ని రోడ్డు మీద నడిపి తెలుసుకోలేం. పాత జీపుల్లో ముందు ఇరుసు, వెనక ఇరుసు ట్రాన్స్‌ఫర్ బాక్సులో గట్టిగా కలిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టి మీదైతే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారలేక షాఫ్టులు, గేర్లు మెలి తిరుగుతాయి. అమ్మేవాడు "చూడన్నా" అని తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూపిస్తుంటే, వాడు ఇన్నాళ్లూ బండిని ఎలా వాడాడో అర్థం చేసుకోవచ్చు.

మా మెకానిక్ మిత్రుడు చేసే పరీక్ష ఇలా ఉంటుంది. చదునైన నేల మీద వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, ఫోర్ వీల్ రాడ్డు వేయాలి. ముందు చక్రాల హబ్బులకు లాకులు ఉంటే అవి కూడా వేయాలి. ముందు ఒక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి చేత్తో తిప్పాలి. కొద్దిగా కదిలి ఆగిపోతే ఫోర్ వీల్ కలిసినట్టు. గిర్రున తిరిగితే లోపల ఏదో తెగింది, లేదా ఏదో లేదు. రెండో చక్రాన్ని కూడా అలాగే చూడాలి. చక్రం లేచి ఉన్నప్పుడే పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగుల వదులు కూడా తెలిసిపోతుంది. ఇదంతా చేస్తున్నంతసేపూ ఎవరూ బండి కింద ఉండకూడదు.

తర్వాత పొలం గట్టు మీదికి లో గేరులో ఎక్కించాలి. పాత జీపుల ట్రాన్స్‌ఫర్ బాక్సులో లో గేరు బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. ఎక్కుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదలాలి. అప్పుడు రాడ్డు దానంతట అది ఊడి వస్తే గేర్ల పళ్లు అరిగాయని గుర్తు. ఘాట్ మధ్యలో అలా ఊడిపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇరుసుల ఆయిల్ ఒక చుక్క వేలి మీద తీసుకుని చూడాలి. మజ్జిగ రంగులో ఉంటే వాగుల్లో నీళ్లు లోపలికి పోయాయి. ఇనుప రజను మెరిస్తే పళ్లు పోతున్నాయి. పాత జీపుల్లో గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ బాక్సు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మధ్యలో సీలు పోతే ఒకదాని ఆయిల్ ఇంకోదానిలోకి చేరుతుంది. అందుకే రెండింట్లోనూ మట్టం చూడాలి. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలి. వెనక కొత్తవి, ముందు చిన్నవి వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఫోర్ వీల్ వేసిన మరుక్షణం ఆ తేడా గేర్ల మీద పడుతుంది. వెడల్పు టైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ రేగడిలో సన్న టైరే నయం. అది బురదను కోసుకుంటూ కింది గట్టి నేలను పట్టుకుంటుంది.

ఇంజను విషయంలో మా సలహా ఒక్కటే. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. టీ తాగి, చల్లారాక రమ్మంటే మళ్లీ వస్తామని చెప్పాలి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ బుసబుసా కొట్టకూడదు. తర్వాత ఇరవై నిమిషాలు బరువుతో ఎత్తు ఎక్కించి వేడి ముల్లు చూడాలి. అమ్మేవాడు ఇందుకు ఒప్పుకోకపోతే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయాలి.

కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టించేదే గానీ దాటవేయొద్దు. సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత తనిఖీ చేసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన లైట్ మోటార్ వాహనాలకు ఈ రెన్యువల్ ఫీజును 10,000 రూపాయలు చేసింది. ఎంఎం 540లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఆర్సీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, దాన్ని బట్టే బేరం ఆడాలి.

ప్రభుత్వ ఆఫీసు జీపు వేలంలో వచ్చిందని ఎవరైనా చెబితే రెండుసార్లు ఆలోచించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు, అవి తుక్కుకే పోవాలి. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బండ్లు కూడా చౌకగా దొరుకుతుంటాయి. అక్కడ 2015 నుంచి పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడమే కారణం. అలాంటి బండికి అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి జీవిత పన్ను రెండూ లెక్కలో వేసుకుంటే చౌక ఎంత మిగులుతుందో చూసుకోండి.

ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే గడువు, ఫైనాన్స్, ఇన్సూరెన్సు వివరాలు వస్తాయి. చలానాలు కూడా అదే రోజు చూడాలి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో తీయించాకే డబ్బు ఇవ్వాలి. ఫారం 29, 30 మీద సంతకాలు మన కళ్లముందే పెట్టించుకోవాలి. ఆర్సీలో ఉన్న మనిషి ఒకరు, అమ్మే మనిషి ఇంకొకరు అయితే అసలు మనిషి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. మా పదివేలు పోయింది అలాగే.

ట్రైలర్‌కు కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉంటుందని చాలామందికి తెలియదు. మా వెల్డర్ సొంతంగా చేసేద్దామన్నాడు. కానీ తయారీదారు ఇచ్చే కాగితాలు లేనిదే నంబరు ఇవ్వరు. జీపు ఇన్సూరెన్సు పాలసీలో ట్రైలర్‌ను కూడా చేర్పించాలి. మన పనిముట్లు మనం తీసుకెళ్లడం వేరు, ఇతరుల సరుకు కిరాయికి మోయడం వేరు. రెండోది చేయాలనుకుంటే రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్ కావాలి, ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. లైసెన్సు విషయంలో ఒక మంచి కబురు ఉంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలు లైట్ మోటార్ వాహన లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

మేం కొన్నది, ఇప్పుడు నడుపుతున్న తీరు

చివరికి ఎంఎం 540 ఒకటి 1,85,000కు కొన్నాం. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి, చాసిస్ మాత్రం గుండ్రాయిలా ఉంది. ఒకే రైతు కుటుంబంలో పంతొమ్మిదేళ్లు ఉన్న బండి. చేతిలో ఉన్న 2,40,000లో ఐదో వంతు ముందే పక్కన పెట్టుకున్నాం. అది మంచిదైంది. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లు, లైనర్లు, క్లచ్ ప్లేటు, ముందు హబ్బు సీళ్లు, రెండు టైర్లు కలిపి 46,000 అయ్యాయి. ఉన్నదంతా బండికే పెట్టి ఉంటే బ్రేకుల పని తర్వాత చూద్దామని వాయిదా వేసేవాళ్లం.

ట్రైలర్ సర్దడంలో కూడా పాత తప్పు మళ్లీ చేయలేదు. మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ట్రైలర్ ముక్కు మీద పడాలి. మాకది 64 నుంచి 96 కిలోలు. ఎరువుల కొట్టులో కాటా అడిగి, ముక్కును దాని మీద ఆనించి చూస్తూ జనరేటరును ఇరుసు కంటే కొంచెం ముందుకు జరిపాం. 80 దగ్గర బిగించేశాం. ఆ రోజు నుంచి తోక ఊపడం ఆగింది. ఎప్పుడైనా ఊపడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే నెమ్మదిగా సర్దుకుంటుంది. కొక్కేనికి తోడు రెండు గొలుసులు ట్రైలర్ ముక్కు కింద ఇంటూ గుర్తులా వేశాం. కొక్కెం ఊడినా ముక్కు ఆ గొలుసుల మీద ఆగుతుంది, రోడ్డులో దిగబడదు. వెనక లైట్లు, రేడియం స్టిక్కర్లు తప్పనిసరి. మన రోడ్ల మీద చీకట్లో ఆగిన ట్రైలర్‌ను గుద్దుకుని పోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగుతాం. మహబూబ్ ఘాట్లో మాకది రెండో గేరు. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద అప్పుడప్పుడు కాలు వేస్తే చాలు. వాగు దాటాక డ్రమ్ములు తడుస్తాయి కాబట్టి బ్రేకు మీద మెల్లగా కాలు పెట్టి కొంతదూరం నడిపి ఆరబెట్టాలి. రేగడిలోకి దిగేముందే ఫోర్ వీల్ వేయాలి, దిగబడ్డాక కాదు. మరీ మెత్తగా ఉంటే టైర్లలో గాలి కొంత తగ్గిస్తాం. జనరేటరుతో నడిచే చిన్న కంప్రెసర్ ఉంది కాబట్టి రోడ్డెక్కగానే మళ్లీ కొట్టుకుంటాం. ఇవన్నీ చేసినా పోయిన వానకాలంలో రెండుసార్లు దిగబడ్డాం. రెండుసార్లూ ట్రాక్టరే వచ్చి గుంజింది. ఆ ట్రాక్టర్ ఆయన ట్రాలీ డోరుకు ఊరికే వెల్డింగ్ వేసి ఇచ్చాం.

మహిళా సంఘం అప్పులో ఇంకా ఏడు కిస్తీలు ఉన్నాయి. ఎడమవైపు ముందు హబ్బు మళ్లీ కొంచెం ఆయిల్ కారుస్తోంది, రోహిణి కార్తె పోయేలోపు సీలు మార్చాలి. బండి కొనాలనుకునే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే మా వెల్డర్‌ను, మెకానిక్‌ను వెంట తీసుకెళ్లవచ్చు. ఆదివారం అయితే ఇద్దరూ ఖాళీ. బస్సు చార్జీలు, టీ ఖర్చు మీవి.